ఒక్క పూట ఊరు

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుని వంద కిలోమీటర్లు దాటితే జహీరాబాద్. ఏటా జనవరి 14న ఆ చుట్టుపక్కల ఊళ్లలో పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లను ముస్తాబు చేసి, కుండల్లో గంపల్లో విత్తనాలు నింపుకుని, డప్పులతో పాటలతో దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతారు. కొర్రలు, సామలు, తైదలు, పచ్చజొన్న, అనుములు, కుసుమలు. పట్నం నుంచి వచ్చినవాళ్లం పక్కన నిలబడి ఫోన్లు పైకెత్తుతాం. సాయంత్రం కారెక్కేసరికి మాలో ప్రతివాళ్ల దగ్గరా ఒక పాఠం సిద్ధంగా ఉంటుంది: ఎంత తక్కువతో ఎంత తృప్తిగా బతుకుతున్నారో చూడండి!

ఆ తృప్తి అనే మాట దగ్గరే నాకు పేచీ.

నేర్చుకోవడానికి ఏమీ లేదని కాదు. ఈ ఎర్రనేలల్లో వానను నమ్ముకున్న చిన్న రైతు ఒకే చేనులో పది, పన్నెండు పంటలు కలిపి వేస్తుంది. ('వేస్తుంది' అని తెలిసే రాశాను. ఇక్కడ విత్తనం ఆడవాళ్ల చేతిలో ఉంటుంది.) జొన్న పక్కన కంది ఉంటుంది. దాని వేరు లోతుకు పోతుంది, నేలకు నత్రజని ఇస్తుంది. ఒక వాన ఎగ్గొడితే ఒక పంట పోతుంది, ఇంకోటి నిలుస్తుంది. యాసంగిలో నీళ్లు పెట్టకుండా, రాత్రి కురిసే మంచుకే పండేవాటిని వీళ్లు 'సత్యం పంటలు' అంటారు. మందు కొట్టని చేలో తనంతట తాను మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి వంటివి వండుకుంటారు. వ్యవసాయ పుస్తకం కలుపు అన్నది ఆ వంటింట్లో కూర.

ఇదంతా మొదటిసారి విన్నప్పుడు నాకు వెంటనే నా బతుకు గుర్తొచ్చింది. ఒకే ఉద్యోగం, ఒకే జీతం, ఒకే ఈఎంఐ. ఒక్క పంట వేసుకుని కూర్చున్నవాణ్ని! పోలిక భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. కాసేపటికి తట్టింది, నెల నెలా ఠంచనుగా పడే ఆ జీతమే తమ పిల్లలకు రావాలని ఈ ఊళ్లలో సగం ఇళ్లు కోరుకుంటున్నాయని. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. షిఫ్టు బస్సు కోసం నిలబడే కుర్రాడికి తల్లి చేనులోని పన్నెండు పంటల సంగతి తెలియక కాదు. ఎండలో వంగి కలుపు తీయడం, సామలు దంచడం, విసుర్రాయి తిప్పడం ఎంత పనో నాకంటే వాడికి బాగా తెలుసు. వాడు పట్నం వైపు చూడటాన్ని తప్పుపట్టే హక్కు, పట్నంలో ఫ్లాటు కొనుక్కుని వచ్చిన నాకు లేదు.

తిండి విషయంలోనూ త్రాసు ఒక పక్కకే మొగ్గదు. 1983లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. జొన్నరొట్టె తినే ప్రాంతాల్లోకి తెల్లన్నం దిగింది. రేషన్ బియ్యం వచ్చి పాత పంటలను మింగేసిందని జాతరకు వచ్చిన పట్నంవాళ్లం నిట్టూరుస్తాం. కానీ ఆ బియ్యం ఎన్నో కూలి ఇళ్లలో పస్తును ఆపింది. అంతకుముందు ఆ ఇళ్లవాళ్లు జొన్నలు కడుపునిండా తిన్నారని ఎవరు చెప్పారు? సొంత చేను లేనివాళ్లకు పాత పంట అంటే ఆసామి గాదెలో ఉన్న పంట. ఊరంటే మురిసిపోయేవాళ్లను అంబేడ్కర్ 1948లో రాజ్యాంగ సభలో ఎంత కఠినంగా మందలించారో మనం మర్చిపోతుంటాం. ఊరిలో ఎవరి పక్కన కూర్చున్నామన్నదాన్ని బట్టి పాఠం మారుతుంది.

అందుకే జహీరాబాద్ కథ నాకు ఆసక్తిగా ఉంటుంది. అదే 1983లో ఇక్కడి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. దాని కింద ఊరూరా ఏర్పడ్డ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. 1990ల మధ్యలో వీళ్లు చేసిన పని చూడండి. ముప్పైకి పైగా ఊళ్లలో బీడుపడ్డ భూములను సాగులోకి తెచ్చి జొన్న పండించారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊళ్లో వాళ్లే కూర్చుని తేల్చారు. కరువు నెలల్లో ఆ ఇళ్లకు తక్కువ ధరకు జొన్నలు అమ్మారు. అంటే రేషన్ అన్న ఆలోచనను వాళ్లు కాదనలేదు. అందులో ఏ గింజ ఉండాలి, ఎవరికి ముందు అందాలి అన్నది తమ చేతిలోకి తీసుకున్నారు. ఇందులో తృప్తి ఎక్కడుంది? ఉన్నది సరిపోదని గట్టిగా అనుకున్నవాళ్లు చేసే పని ఇది.

ఇదంతా ఊరు తనంతట తాను చేసిందనీ చెప్పలేం. సొసైటీని ఏళ్ల తరబడి నడిపిన పి.వి. సతీష్ మైసూరువాడు, దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. బయటి మనిషి, బయటి నిధులు లేకుంటే ఇది ఎంత దూరం నడిచేదన్న ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు కూడా సగమే: విత్తనం, ఎవుసం, మాట ఆ ఆడవాళ్లవి, వాటిని నలుగురి ముందూ నిలబెట్టే ఓపిక ఆయనది. టీవీలో పల్లెలకు చెప్పే పని వదిలి వచ్చిన మనిషి, చివరికి పల్లె మాట్లాడటానికి రేడియో కట్టడంలో పాలుపంచుకున్నాడు. ఇక్కడి మాచ్నూర్ ఊళ్లో దాని స్టూడియో 1998 నాటికే ఉంది. లైసెన్సు లేక పదేళ్లపాటు కార్యక్రమాలు రికార్డు చేసి సంఘాల్లో క్యాసెట్లు వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్ఎం మీద సంఘం రేడియో గాలిలోకి వెళ్లింది. పట్నం మనిషి పల్లె దగ్గర నేర్చుకోవడమంటే ఎలా ఉంటుందో చూపమంటే నేను ఈయన్ని చూపిస్తాను. కాకపోతే ఆయనకు పట్టింది నాలుగు దశాబ్దాలు, మనం ఇచ్చేది ఒక్క పూట. ఆయన 2023 మార్చిలో కన్నుమూశాడు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది అది. పేదల తిండి అని పక్కన పెట్టిన కొర్రలు పట్నం దుకాణాల్లో బియ్యాన్ని మించిన ధర పలుకుతున్నాయి అప్పటికే.

జాతర బండ్లు తిరిగే నేల కూడా నిలకడగా లేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేలకు పైగా ఎకరాలను జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి (నిమ్జ్) అనే పారిశ్రామిక ప్రాంతానికి కేటాయించారు. ఉద్యోగాలు వస్తాయన్నది ఒక లెక్క, భూమి పోతుందన్నది ఇంకో లెక్క. రెండూ నిజమే. ఒకే ఇంట్లో కొడుకు మొదటి లెక్క, తల్లి రెండో లెక్క వేసుకోవచ్చు. జాతరకు వచ్చి వెళ్లే మేం అందులో తీర్పరులం కాదు.

ఇంకొక సంగతి. ఈ సంఘాల మహిళలు కొందరు వీడియో తీయడం నేర్చారు. వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టాల మీద సినిమా తీశారు. మనం ఫోన్ పైకెత్తినప్పుడు ఎదుటి మనిషి ఫ్రేము ఎలా కట్టాలో మనకంటే బాగా తెలిసినావిడ కావచ్చు. అది తెలిశాక చేయి కాస్త కిందికి దిగుతుంది.

కిందటిసారి తిరుగు ప్రయాణంలో కొర్రలు కొనుక్కున్నాను. సంఘంలో విత్తనం ఉత్తినే ఇవ్వరు, అమ్మరు కూడా. తీసుకెళ్లినదానికి పంట వచ్చాక ఒకటికి రెండు కొలిచి తెచ్చివ్వాలి. నేను డబ్బు ఇచ్చాను, సంచి తీసుకున్నాను. మళ్లీ ఎప్పుడొస్తావని ఎవరూ అడగలేదు.