అయస్కాంతానికి నిరాశ ఏమిటి?



మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు చల్లపల్లిలోని మా ఇంటికి వచ్చి, తాను తెలుగు చేసిన వ్యాసమొకటి దిద్దిపెట్టమన్నాడు. శీర్షిక: "జ్యామితీయ నిరాశాగ్రస్త అయస్కాంత పదార్థములందు శీతలీకరణము". సమాసంలో తప్పు లేదు, అర్థమే లేదు. "ఇటువంటివి తెలుగులో రావు మాస్టారూ" అన్నాడు. ఆ మాటను ఖండించడానికే ఈ టపా.

ఆంగ్లంలో ఫ్రస్ట్రేషన్ అన్నారు గనుక నిరాశ అనేయడమేనా? ఒక త్రిభుజం గీయండి. మూడు మూలలా, పైకో కిందికో మాత్రమే తిరగగల మూడు చిట్టి అయస్కాంతాలు. ప్రతిదీ పొరుగుదానికి ఎదురు తిరగాలి. ఒకటి పైకి, రెండవది కిందికి చూశాయి. మూడవది ఎటు తిరిగినా ఒకదానితో పేచీయే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! దీనిని మన ఇళ్లలో ఇరకాటం అంటారు.

ఇక చల్లబడడం. ఇటువంటి పదార్థాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, చిట్టి అయస్కాంతాలు బడిగంట విన్న పిల్లలవలె వరుసలో నిలుస్తాయి. అప్పుడు పుట్టిన వేడిని బయటికి పంపి, మళ్లీ వేడి సోకకుండా కట్టడి చేసి, క్షేత్రాన్ని తగ్గించాలి. వరుస చెదురుతుంది. చెదరడానికి కావలసిన వేడిని పదార్థం తనలోనుంచే తీసుకొని చల్లబడుతుంది. మన మట్టికుండలో నీరు ఆవిరవుతూ మిగిలిన నీటిని చల్లబరచినట్లే. 1933లో జియోక్, మెక్‌డూగల్ గడోలినియం సల్ఫేటుతో ఈ విధంగానే 1 కెల్విన్‌కు దిగువకు చేరారు.

అయితే చలి ముదిరితే సాధారణ అయస్కాంతాలు క్షేత్రం లేకున్నా తమంతట తామే వరుసకడతాయి. ఇక చెదరడానికేమీ మిగలదు. ఇరకాటంలో ఉన్నవి ఎంతో చలిదాకా అట్లా కుదురుకోలేవు. అదే వాటి బలం. గడోలినియం గాలియం గార్నెట్ ఆ జాతిదే. ఇటువంటివి మామూలు లవణాలకన్నా జోరుగా చల్లబడగలవని 2003లో జిటోమిర్స్కీ లెక్కకట్టి చూపాడు.

వచ్చిందా లేదా తెలుగులో?

"ఇరకాటం" నాటుమాట, శాస్త్రానికి పనికిరాదంటారు కొందరు. ఫ్రస్ట్రేషన్ మాత్రం ప్రయోగశాలలో పుట్టిందా? వారు ఇంటిమాటను శాస్త్రంలో కూర్చోబెట్టారు. మనం మన ఇంటిమాటను గడప దాటించి తలుపు వేస్తున్నాము. తెలుగులో శాస్త్రం చెప్పడానికి కొమర్రాజు లక్ష్మణరావుగారు పూనుకొని, 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపించి నూరేళ్లు దాటింది. స్ఫటికాల అయస్కాంత సౌష్ఠవంపై పరిశోధించిన సూరి భగవంతంగారు మన కృష్ణా జిల్లావారే. అదే జిల్లా పిల్లలకు అయస్కాంతం నిరాశపడుతుందని నేర్పుదామా?

తప్పు ఆ కుర్రవాడిది కాదు. బరువైన మాటే పాండిత్యమని వాడికి నేర్పినవాడిని నేనే. అర్థం అడగకుండా, సమాసం చూసి మార్కులు వేసినవాడినీ నేనే. అందుకే మొన్న ఆ శీర్షిక కొట్టివేసి, "ఇరకాటపు అయస్కాంతాలతో చల్లదనం" అని నా చేత్తోనే రాశాను.

ఇంతకన్నా మంచిమాట మీవద్ద ఉంటే చెప్పండి, శిరసావహిస్తాను. తెలుగులో రాదని మాత్రం అనకండి.