ఆరోగ్య విధానము – కర్షక సేవకులు నేర్వవలసిన మొదటి పాఠములు

విత్తనములకని తీసికొన్న అప్పు ఒక్కొక్కప్పుడు చేనికి పోక ఆసుపత్రికి పోవుచున్నది. వాయిదా తప్పినపుడు పంట యేమాయెనని అడుగుట వాడుక. ఇంట జబ్బెవరికని అడుగువారు తక్కువ. కావున వ్యవసాయ ప్రదర్శకులును, సంఘ కార్యదర్శులును తమ వృత్తి పనులు చూచుకొనుచునే దేశపు ఆరోగ్య విధానమును కొంత తెలిసికొనవలెనని మా అభిప్రాయము.

ఇది వైద్యుల పని, మనకెందుకని కొంద రనవచ్చును. మేము చెప్పునది వైద్యశాస్త్రము గాదు. బాధ్యత ఎవరిది, వైద్య మెక్కడ దొరకవలెను, ధన మెట్లు వచ్చును, ఎవరి నడుగవలెను అను నాలుగు ప్రశ్నలే.

రాజ్యాంగము ప్రజారోగ్యమును, ఆసుపత్రులను రాష్ట్రముల జాబితాలో నుంచినది. కేంద్రము విధానమును ప్రకటించి కొంత ధన మిచ్చును. నడుపు భారము రాష్ట్రములది. డబ్బు లేదను కారణమున ఎవరికిని వైద్యము లేకుండ పోరాదని 1946లోనే భోర్ కమిటీ నివేదించినది. పిమ్మట 1983, 2002, 2017 సంవత్సరములలో జాతీయ ఆరోగ్య విధానములు వెలువడినవి.

మైదాన ప్రాంతములందు 5,000 జనమునకు ఒక ఉపకేంద్రమును, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును ఉండవలెనని ప్రమాణము. కొండ, గిరిజన ప్రాంతములకు ఈ సంఖ్యలు 3,000, 20,000. తన మండల జనాభా తెలిసిన ప్రతివాడును ఈ లెక్క వేయగలడు.

ప్రభుత్వ ఆరోగ్య వ్యయము 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో నూటికి 2.5 వంతులు కావలెనని 2017 విధానము చెప్పినది. లక్ష్యము చేరకయే ఆ గడువు దాటినది. ఆంధ్రప్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీయు, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ బీమాయు ముఖ్యముగా ఆసుపత్రిలో చేరి చేయించుకొను చికిత్సల కుద్దేశింపబడినవి. నెలనెల కొను మాత్రల ఖర్చు సంసారమును మెల్లగా తినివేయును. రక్తపోటు, చక్కెర వ్యాధుల మందులను ప్రభుత్వ కేంద్రములందే అడిగి తీసికొనుట మేలు.

ఇక అడుగవలసిన చోటు గ్రామసభయు, గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషకాహార కమిటీయు. పాముకాటు మరణములను 2030 నాటికి సగము చేయవలెనని కేంద్రము 2024లో ఒక కార్యప్రణాళికను ప్రకటించినది. మన కేంద్రమున విషహరమగు సూదిమందు నిలువయున్నదా యని నాట్లకు ముందే అడుగవలెను. కాటు పడిన రాత్రి అడిగిన ప్రయోజనము లేదు.

ఎరువుల నిలువ వ్రాసికొను సంఘము మందుల నిలువ అడుగలేదా? ప్రతి సంఘమును నెలసరి సమావేశమున పావుగంట ఈ విషయమునకై కేటాయించి, ఆరోగ్య కార్యకర్తను పిలిచి, చెప్పినది పుస్తకమున నమోదు చేయింపవలెనని మా మనవి. అప్పు వసూలగుటకు రైతు బ్రతికి, బలముగా నుండుటకంటె గొప్ప పూచీ వేరొకటి లేదు.