వయసు మీద పడితే వైద్యం అక్కరలేదా?

"ఎనభై దాటాయి. ఇప్పుడు ఆపరేషన్ ఎందుకు డాక్టరు గారూ? ఇంటికి తీసుకుపోతాం."

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో నేను పలుమార్లు విన్న మాట ఇది. పెద్దవారి మీద దయతోనే అంటారు. ఆ దయే వారి ప్రాణానికి ముప్పు అని చెప్పక తప్పదు.

స్నానాల గదిలో జారిపడిన అవ్వ లేవలేకపోయింది. కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగింది. తుంటి ఎముక విరిగిందనడానికి ఇవి గుర్తులు. పసరు కట్టు కట్టి మంచాన పడుకోబెడితే జరిగేది ఒకటే: నొప్పికి కదలలేదు, వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, కాలి సిరలలో రక్తం గడ్డకడుతుంది. పొరుగింటి కుర్రవాడి ముంజేయి పుత్తూరు కట్టుతో అతుక్కున్నదన్న అనుభవం తుంటికి పనికిరాదు.

వయసు శస్త్రచికిత్సకు అడ్డు కాదు. ఆలస్యమే అసలు శత్రువు. వీలైనంతవరకు 48 గంటలలోపే చేయాలి. వెన్నుకు మత్తు ఇచ్చి చేయవచ్చు. బీపీ, షుగరు సరిచేయాలన్న పేరుతో వారాలు గడపరాదు. మర్నాడే ఆమెను లేపి కూర్చోబెట్టడం, ఆసరాతో నిలబెట్టడం ఈ చికిత్స లక్ష్యం.

ఇక తల దెబ్బ. గుండె జబ్బుకు రక్తం పలుచబరచే మాత్రలు వేసుకునే పెద్దవారు పడితే, పైకి గాయం లేకున్నా సీటీ స్కాన్ తీయించండి. కొన్ని వారాల తరువాత మాట తడబడినా, మగతగా ఉన్నా "ముసలితనం" అని సరిపెట్టుకోకండి. మెదడు పైపొరల మధ్య నెమ్మదిగా రక్తం చేరి ఉండవచ్చు. దానిని తొలగిస్తే చాలామంది కోలుకుంటారు.

తోటి వైద్యులకూ ఒక మనవి. నిత్యం 160 ఉండే మనిషికి దెబ్బ తగిలాక బీపీ 110 ఉంటే, అది సవ్యంగా ఉన్నట్లు కాదు. బీటా బ్లాకర్లు వాడేవారిలో లోపల రక్తం పోతున్నా నాడి వేగం పెరగకపోవచ్చు.

డబ్బు లేదంటారా? 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తించేలా 2024లో నిర్ణయించారు. కార్డు ముందే తీయించి ఉంచండి.

పడినవారిని లేపి నడిపించి చూడకండి. ఆటోలో కూర్చోబెట్టి రేపల్లె నుంచి తెనాలికి, అక్కడి నుంచి గుంటూరుకు తిప్పకండి. 108కు ఫోన్ చేయండి. వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే "ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?" అని అడగండి. బిడ్డలుగా అది మీ హక్కు, మీ బాధ్యత కూడా.