మన బొగ్గు మనకు సాక్ష్యము చెప్పవలదా?

పెద్దాపురమున పాండవుల మెట్ట నెఱుఁగనివారు లేరు. ఆ మెట్టమీఁది గుహలలో పాండవులు వసించిరని జనులు తరతరములుగఁ జెప్పుకొనుచున్నారు. ఈ నమ్మకమును పరిహసించుట మా యుద్దేశము కాదు. కాని యే ప్రాచీన స్థలమును గూర్చి మాటలాడినను “కార్బన్ పరీక్షచే తేలినది” యను వాక్యము నేఁడు వక్తలకు సులభాలంకార మైనది. దీనిని మేము సహింపఁజాలము.

ఆ పరీక్ష యన నేమి? విశ్వకిరణముల తాఁకిడిచే ఆకాశపు పై పొరలలో నత్రజనినుండి కార్బన్-14 పుట్టుచున్నది. చెట్లు దానిని గాలినుండి గ్రహించును. జంతువులు ఆహారముద్వారా పొందును. ప్రాణము పోయిన నాఁటినుండి క్రొత్తది చేరదు; ఉన్నది 5,730 ఏండ్లకు సగమగును. మిగిలినదానిని కొలిచి కాలమును లెక్కించు మార్గమును లిబ్బీ పండితుఁడు సహచరులతోఁ గూడి 1949లో చికాగోలో స్థాపించి, 1960లో నోబెల్ బహుమానము నందెను. ఈ గడియారము సుమారు 50,000 ఏండ్లకు మించి పనిచేయదు.

కావున స్పష్టముగఁ జెప్పుచున్నాము: రాతి కెన్నఁడును ప్రాణము లేదు. గుహను తొలిచిన కాలమును ఈ పరీక్ష చెప్పఁజాలదు. అందు పొయ్యి రాజేసినవాని బొగ్గు, తిన్న గింజ, పాఱవైచిన యెముక చెప్పఁగలవు. బొగ్గు చెప్పునది సైతము కట్టె పెరిగిన కాలమే. ముదిమ్రాని నడిబొగ్గుకంటె ఒక్క యేఁటి పైరుగింజ మేలైన సాక్షి.

నిజము పురాణముకంటె చిన్నదగునని భయపడువారు ఉట్నూరును జూతురుగాక! పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని యా బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ పండితుఁడు త్రవ్వించెను. అది ఆలమందల పేడ కాలిన బూడిద యనియు, క్రీస్తునకు పూర్వము మూడవ సహస్రాబ్దినాఁటి పశుపాలకుల దనియు తేలెను. తెలుఁగునేల కింతకంటె గౌరవమేమి కావలయును?

పొరుగున తమిళ ప్రభుత్వము కీళడి బొగ్గుతునుకలను అమెరికాకు పంపి, క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దివఱకు పోవు కాలమును 2019లో ప్రకటించెను. దానిపై వాదములు చెలరేఁగినవి. చెలరేఁగనిండు! వాదించుటకు వారిచేత నొక లెక్క యున్నది. మనచేత నున్నది ఉపన్యాసము.

మనయొద్ద మెట్టలు గ్రావెలునకును, దిబ్బలు మెరకమట్టికిని పోవుచున్నవి. లారీలో నెక్కిన మట్టితో నేమి పోయెనో యడుగువా రరుదు. పొరనుండి వేఱుపడిన బొగ్గు సాక్షి కాదు. ఊరు పేరు చెప్పలేని యనాథ. తాతల కీర్తిని వేదికపై పాడి, తాతల పొయ్యిని గునపముతోఁ బొడుచుట యే దేశభక్తి?

ప్రభుత్వమును మేము కోరునవి మూఁడు. పురావస్తుశాఖవారు చూడనిదే ప్రాచీనపు దిబ్బలలో తట్టెడు మట్టియు తీయనీయరాదు. ప్రతి త్రవ్వకమునకును కాలపరీక్షకై వేఱుగ ధనము కేటాయింపవలయును. వచ్చిన ఫలితము మన గర్వమునకు అనుకూలమైనను ప్రతికూలమైనను తెలుఁగున ప్రకటింపవలయును. పరీక్షాలయములు లక్నోలోను ఢిల్లీలోను ఉన్నవి, సముద్రములు దాటనక్కఱలేదు.

పఠనమందిరములలోని మిత్రులారా! పునాదులు త్రవ్వునప్పుడు నల్లని పొర, పాతపెంకు కనఁబడినచో చేయి పెట్టకుఁడు. పని నిలిపి శాఖవారికిఁ దెలుపుఁడు. సాక్షిని చంపి వ్యాజ్యము గెలువఁగోరు జాతికి చరిత్ర మిగులదు.