నడుము కుక్కా, ముక్కు కుక్కా?

అమెరికాలో మనవాళ్ళలో చాలామందికి మొట్టమొదట పరిచయమయ్యే కుక్క బీగిల్. ఇరవై గంటలు విమానాల్లో కూర్చుని, కాళ్ళు వాచి, సూట్‌కేసుల కోసం పడిగాపులు కాస్తున్నప్పుడు, చిన్న కోటు తొడుక్కుని తోకాడించుకుంటూ వచ్చి, సరిగ్గా కరివేపాకు దాచిన సంచీ పక్కనే చతికిలబడేది అదే. 1984లో లాస్ ఏంజిలిస్ ఎయిర్‌పోర్టులో ఈ బీగిల్ దళం పని మొదలుపెట్టింది. అప్పటినుంచి ఎందరు అత్తగార్లు మోసుకొచ్చిన మామిడిపళ్ళు చెత్తబుట్ట పాలయ్యాయో! దానికి మన తిండి మీద కక్షేమీ లేదు లెండి. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లారిడాలో బయటపడి, అక్కడి నారింజ తోటలను ఏం చేసిందో అందరికీ తెలిసిందే.

అటువంటి కుక్కను డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకోవడమా అన్నది మా ఇంట్లో రెండు నెలలు నడిచిన చర్చ.

మా అమ్మాయికి పదేళ్ళప్పుడు కుక్క కావాలని పట్టుబట్టింది. చేపలకు, చివరికి కుందేలుకు బేరం దించుదామని చూశాం. కుదరలేదు. చిన్నదై ఉండాలి, బొచ్చు దువ్వే పని తక్కువుండాలి, పిల్లలతో మంచిగా ఉండాలి అని వడపోస్తే రెండు మిగిలాయి: బీగిల్, డాక్స్‌హండ్. అమ్మాయి డాక్స్‌హండ్ పక్షం. చిన్నప్పుడు స్నూపీ బొమ్మలు చూసి పెరిగిన మా వారు బీగిల్ పక్షం. ఆయన ఇంజనీరు కనుక ఎక్సెల్ షీటు వేశారు. ఇరవై ఆరు వరసలు, ఒక్కొక్కదానికి మార్కులు. తీరా కూడితే రెండూ సమానంగా వచ్చాయి! ఇంజనీర్లు ఏమనుకున్నా సరే, సంసారంలో కొన్ని నిర్ణయాలు షీటులో తేలవు.

రెండూ వేట కుక్కలే. కాకపోతే వాటి వేట వేరు. డాక్స్‌హండ్‌ను జర్మనీలో బాడ్జర్ అనే జంతువు కలుగులోకి దూరడానికి తయారుచేశారు. ఆ పేరుకు అర్థమే "బాడ్జర్ కుక్క". అందుకే జానెడు కాళ్ళు, బారెడు నడుము, నేల కింద ఉన్నా పైకి వినపడేంత గట్టి గొంతు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌కు గుర్తుగా పెట్టుకున్న "వాల్డి" ఈ జాతిదే. బీగిల్ ఇంగ్లండుది. గుంపులుగా కుందేళ్ళ వాసన పట్టుకుని పరుగెడుతుంటే, వేటగాళ్ళు నడిచి వెనకాల వెళ్ళేవారు. ఒకటి ఒంటరిగా చీకట్లో పోరాడే జీవి, రెండోది నలుగురితో కలిసి కేకలు పెడుతూ తిరిగే జీవి. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

మా వారి షీటులో లేని వరస ఒకటుంది: మెట్లు. మనవాళ్ళ ఇళ్ళు చూడండి. పైన నాలుగు పడకగదులు, కింద బేస్‌మెంటు, మధ్య పధ్నాలుగు మెట్లు. సోఫాలు ఎత్తు, మంచాలు మరీ ఎత్తు. డాక్స్‌హండ్ నడుముకు ఇంతకంటె ప్రమాదకరమైన చోటు లేదు. దాని కాళ్ళను పొట్టిగా చేసిన జన్యులోపమే వెన్నుపూసల మధ్య మెత్తని డిస్కులను కూడా చిన్న వయసులోనే ఎండగొట్టి, సున్నంలా గట్టిపరుస్తుంది. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవారు ఆ జన్యువును గుర్తించారు. ఈ జాతిలో ఇంచుమించు నాలుగు కుక్కల్లో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ డిస్కు జబ్బు వస్తుంది. ఎక్కువగా మూడు నుంచి ఏడేళ్ళ మధ్య.

మా స్నేహితుల ఇంట్లో నేను కళ్ళారా చూశాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నాలుగేళ్ళ వాళ్ళ డాక్స్‌హండ్ సోఫా మీంచి దూకింది. ఎప్పుడూ దూకేదే. ఈసారి వెనక కాళ్ళు లేవలేదు. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్ళి చెయ్యి నాకింది. ఆపరేషన్ ఆ రాత్రే చేయాలన్నారు, ఎనిమిది వేల డాలర్లు అన్నారు. వాళ్ళు ఇచ్చుకోగలిగారు, ఇచ్చారు. ఇప్పుడది నడుస్తుంది, కొంచెం వంకరగా. నేను మత్తుమందు డాక్టరును, వెన్నెముక ఆపరేషన్లు నాకు కొత్తకాదు. అయినా ఆ పిల్లవాడి ముఖం చాలాకాలం మరిచిపోలేకపోయాను.

ఇలా అన్నానని డాక్స్‌హండ్ పెంచుకునేవారు నామీద కోపం తెచ్చుకోవద్దు. మెట్లు లేని అపార్టుమెంటులో, దూకే పసిపిల్లలు లేని ఇంట్లో, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు అంతటి విశ్వాసమైన తోడు దొరకదు. ఒళ్ళు పెరగనివ్వకూడదు, మెడపట్టీకి బదులు ఛాతీకి పట్టీ కట్టాలి, ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కింద పెట్టాలి. మనవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తినట్టు చంకల కింద చేతులు పెట్టి ఎత్తారంటే అంతే సంగతులు.

మరి బీగిల్ బుద్ధిమంతురాలా? కాదు. గుంపులో పెరిగిన జాతి కనుక ఒంటరితనం భరించదు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళి సాయంత్రం ఆరింటికి వచ్చే ఇంట్లో అది రోజంతా ఊళ వేస్తుంది. మొరగడం వేరు, ఈ ఊళ వేరు. మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది. గొలుసు వదిలారా, కుందేలు వాసన తగిలిందా, పేరు పెట్టి పిలిచినా వెనక్కి చూడదు. రోజుకు గంటసేపు నడిపించాలి. షికాగోలోనో డెట్రాయిట్‌లోనో జనవరి నెల పొద్దున ఆ గంట ఎవరిదన్నది పిల్లలు మాట ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించుకోవడం మంచిది.

అన్నిటికంటె పెద్ద చిక్కు మన వంటిల్లు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయని చాలాకాలంగా తెలుసు, ఎందుకో మాత్రం తెలిసేది కాదు. దానికి కారణం టార్టారిక్ ఆమ్లమై ఉండాలని ఇటీవలే పశువైద్యులు తేల్చారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది! చింతపండు తిని కిడ్నీలు పాడైన కుక్కల సంగతి 2022లో పశువైద్య పత్రికలో వచ్చింది. అంటే పులిహోర, సాంబారు, రసం, గోంగూరలో ఉల్లిపాయ, పరమాన్నంలో కిస్‌మిస్, మన పండగ భోజనం మొత్తం నిషేధమే. డాక్స్‌హండ్‌కు బల్ల అందదు. బీగిల్ కుర్చీ ఎక్కి, బల్ల ఎక్కి, మూత తీసి మరీ తింటుంది. మేము వంటింటి గుమ్మానికి చంటిపిల్లలకు పెట్టే గేటు పెట్టించాం. పేరంటానికి వచ్చినవాళ్ళు పట్టుచీరలతో ఆ గేటు దాటడం చూడాలి!

ఇక అత్తయ్యగారు. ఆవిడ మడి మనిషి. కుక్క మాట ఫోనులో వినగానే, "ఒరే, దేవుడి గది దరిదాపులకు రానిచ్చారా, నేను టిక్కెట్టు మార్చుకుంటా" అన్నారు. నేను ఊరుకోలేక ధర్మరాజు కుక్కను స్వర్గం దాకా తీసుకెళ్ళాడు కదండీ అన్నాను. "అమ్మాయ్, గుమ్మం దాకే!" అన్నారు. భారతం బాగా చదువుకున్న అత్తగారితో వాదం పెట్టుకోకూడదు. కానీ రాజీ కుదిరింది కూడా ఆవిడ వల్లే. వేదంలో ఇంద్రుడి ఆవులను పణులు దొంగిలిస్తే జాడ తీసిన ఆడకుక్క సరమ. జనమేజయుడి తమ్ముళ్ళు దాని పిల్లను నిష్కారణంగా కొడితే సరమ నిలదీసిన కథతోనే నన్నయ కూడా మనకు భారతంలోకి దారి తీస్తాడు. "వాసన పట్టే కుక్క అంటున్నావుగా, సరమ అని పెట్టండి" అన్నారు. పేరు పెట్టాక ఆవిడ వద్దనలేకపోయారు. (మన కొల్లేరు పక్కన బాతులు కాసే జోనంగి కుక్క ఇక్కడ దొరికితే ఈ తగువే ఉండేది కాదని మా వారి అభిప్రాయం. అది మొరగదట కూడా.)

అసలు లెక్క వేరే ఉంది. ఈ రెండు జాతులూ పన్నెండేళ్ళు, అంతకుమించి కూడా బతుకుతాయి. పదేళ్ళ పిల్ల అడిగిన కుక్క, ఆ పిల్ల కాలేజీకి వెళ్ళిపోయాక నాలుగేళ్ళు మన దగ్గరే ఉంటుంది. ముసలితనంలో, అప్పటికి మన మోకాళ్ళు కూడా అంతంతమాత్రంగా ఉండగా, మెట్ల మీద దాన్ని మోసేది మనమే. కనుక పిల్లల ముచ్చటకని చెప్పి తెచ్చుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. నాకు తెలిసిన రెండు తెలుగిళ్ళలో ఆరు నెలలకే కుక్కను వేరెవరికో ఇచ్చేశారు. ఒక ఇంట్లో పిల్లలు స్కూలునుంచి వచ్చేసరికి అది లేదు.

అందుకే మేము కూనను కొనలేదు. అనాథ బీగిళ్ళకు ఇళ్ళు చూసే సంస్థ నుంచి అయిదేళ్ళ ఆడకుక్కను తెచ్చుకున్నాం. నాకు ఇందులో ఇంకో కారణం కూడా ఉంది. మందుల పరీక్షలకు అమెరికాలో ఎక్కువగా వాడే కుక్క జాతి బీగిలే. ఏం చేసినా ఎదురు తిరగదు, అదీ దాని పాపం. 2022లో వర్జీనియాలోని కంబర్లాండ్‌లో, ప్రయోగశాలల కోసం బీగిళ్ళను పెంచే చోటు నుంచి దాదాపు నాలుగు వేల కుక్కలను కోర్టు ఆజ్ఞతో విడిపించి దేశమంతటా ఇళ్ళకు పంచారు. టీవీలో ఆ వార్త చూసిన రాత్రి, రోజూ నా చేత్తో ఎక్కించే మందులు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఎక్సెల్ షీటు ఆ రాత్రే మూసేశాం.

సరమ వచ్చి మూడేళ్ళయింది. ఇండియా వెళ్ళే ప్రతి వేసవిలోనూ నాలుగు వారాలు ఎవరి దగ్గర ఉంచాలన్న తంటా ఇంకా తీరలేదు. వాసనకి వెళ్ళి రెండుసార్లు తప్పిపోయింది. ఒకసారి సున్నుండల డబ్బా ఖాళీ చేసింది. అత్తయ్యగారు జపం చేసుకుంటుంటే దేవుడి గది గుమ్మానికి అటు తలపెట్టి పడుకుంటుంది. లోపలికి మాత్రం ఇంతవరకు వెళ్ళలేదు.

మొన్న మా అసోసియేషన్ పిక్నిక్‌లో ఒకాయన వచ్చి, "డాక్టరుగారూ, మా అబ్బాయి కుక్క కావాలంటున్నాడు, ఏది తెమ్మంటారు?" అని అడిగారు. మీ ఇంట్లో మెట్లెన్ని అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, పక్కకు తిరిగి వాళ్ళావిడను అడిగారు. ఆవిడకూ తెలియదు. ఇంటికెళ్ళి లెక్కపెట్టి ఫోను చేస్తామన్నారు.