గడగడా చదివితే చాలా?

తెలుగు పీరియడ్‌లో పాఠం చదివించే పద్ధతి ఏ ఊళ్ళో చూసినా దాదాపు ఒకటే. మొదటి బెంచీ నుంచి ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదువుతారు. గడగడా చదివినవాళ్ళకు 'వెరీ గుడ్'. తడబడినవాళ్ళకు వెనక బెంచీ నుంచి కిసుక్కున ఒక నవ్వు. నాలుగో బెంచీలో ఉన్న పిల్లవాడు తన వంతుకు ఏ పేరా వస్తుందో ముందే లెక్కపెట్టుకుంటాడు. తన వంతు వచ్చేదాకా ఆ నాలుగు వాక్యాలనే లోలోపల కూడబలుక్కుంటూ ఉంటాడు. అంతకుముందు చదివిన పేరాల్లో ఏముందో అతను వినలేదు. తన వంతు అయ్యాక 'గండం గడిచింది' అనుకుంటాడు కాబట్టి తరువాతిదీ వినడు. పీరియడ్ అయిపోతుంది, పాఠం 'అయిపోయింది' అని డైరీలో పడుతుంది. ఆ పిల్లవాడికి కథలో ఎవరు ఎవరో కూడా తెలియదు.

దీన్ని చదవడం అనకూడదని మా అభిప్రాయం. అక్షరాలను నోటితో పలకడం ఒక పని. పలికినదాన్ని మనసుకు పట్టించుకోవడం మరో పని. రెండూ కావాలి. మొదటిదానికే మార్కులు, మెప్పు ఇస్తూ పోతే రెండోది వెనకబడుతుంది. ఇక మొదటిది కూడా సరిగా రానివాళ్ళు 'నాకు తెలుగు రాదు' అని తీర్మానించుకుని పుస్తకం మూసేస్తారు.

మేము బదిలీల ఉద్యోగంలో ఉన్న తెలుగు ఉపాధ్యాయులం. మీ ఇంటికి బదిలీ ఉత్తర్వు వచ్చినట్టే మా ఇంటికీ వస్తుంది. అట్టపెట్టెలు కట్టడం, పిల్లల టీసీ కోసం తిరగడం, కొత్త ఊళ్ళో పాలవాడి భాష నేర్చుకోవడం మాకూ అలవాటే. రైల్వే కాలనీ పిల్లలకు, సైనిక స్థావరం పిల్లలకు, ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ పిల్లలకు పాఠాలు చెప్పాం. అన్నిచోట్లా ఒక సంగతి గమనించాం. చదవడంలో వెనకబడ్డ పిల్లల్లో ఎక్కువమంది మాట్లాడటంలో ఏమాత్రం వెనకబడినవాళ్ళు కారు. ఇంట్లో అమ్మతో తెలుగులో వాదిస్తారు, తమ్ముణ్ణి తెలుగులో తిడతారు, నాయనమ్మ చెప్పిన దెయ్యం కథను ఆమెకంటే బాగా చెబుతారు. అంటే భాష వాళ్ళ చెవిలో ఉంది, నోట్లో ఉంది. కంటికి మాత్రమే ఇంకా చేరలేదు. రెండేళ్ళు ఒక రాష్ట్రంలో, మూడేళ్ళు మరో రాష్ట్రంలో చదివి, ఆరో తరగతిలో తెలుగు అక్షరాలు మొదలుపెట్టినవాళ్ళకు అది సహజం. దానికి మందబుద్ధి అని పేరు పెట్టడం అన్యాయం.

ఇది మన ఒక్కరి కష్టం కూడా కాదు. 2022 అసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్ళు సుమారు 43 శాతమే. వాళ్ళలో చాలామంది పుట్టిన ఊరు దాటనివాళ్ళు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతో 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలైంది. ఆ లక్ష్యంలో 'అర్థం చేసుకుంటూ' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి.

మరి ఏం చేయాలి? మేము తరగతిలో వాడి చూసి, పనికొస్తుందని నమ్మిన కొన్ని పద్ధతులు చెబుతాం. మీలో ఎవరైనా ఇంట్లో ఒంటరిగా కూడా వీటిని చేసుకోవచ్చు.

మొదటిది, ముందు వినాలి. పుస్తకాలు మూసి ఉంచి, ఉపాధ్యాయులే కథ మొత్తం ఒకసారి చదివి వినిపించాలి. గుజరాత్‌కు చెందిన విద్యావేత్త గిజుభాయి బధేకా రాసిన 'దివాస్వప్న' పుస్తకంలో మాస్టారు అల్లరి తరగతిని దారికి తెచ్చుకోవడానికి కథలు చెబుతాడు. చెవికి తెలిసిన కథను కన్ను సులువుగా పట్టుకుంటుంది. తరువాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే, తెలియని అక్షరం దగ్గర కూడా పిల్లవాడు ఊహతో ముందుకు వెళతాడు. ఆ ఊహ తప్పని తేలినా నష్టం లేదు. ఆలోచిస్తూ చదువుతున్నాడనడానికి అదే గుర్తు.

రెండోది, వాక్యాన్ని చివరి నుంచి పట్టుకోవాలి. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర ఉంటుంది. ఎవరు చేశారో విడిగా చెప్పకపోయినా ఆ క్రియే చెబుతుంది. ఈ వాక్యం చూడండి: 'వాన వెలిశాక పొలానికి వెళ్ళి, తడిసిన వేరుశనగ కట్టలు గట్టు మీదికి చేర్చి, చీకటి పడేలోగా ఇంటికి వచ్చేసింది.' ఇందులో మనిషి పేరు లేదు. కానీ చివరి మాట చూడగానే వచ్చింది ఒక ఆడమనిషి అని తెలిసిపోతుంది. ఇప్పుడు వెనక్కి వెళ్ళి 'వచ్చేముందు ఏం చేసింది? అంతకుముందు ఎక్కడికి వెళ్ళింది?' అని అడుగుతూ వస్తే పొడుగాటి వాక్యం మూడు చిన్న వాక్యాలుగా విడిపోతుంది.

పొడుగాటి మాటలకూ ఇదే మందు. 'వచ్చేస్తున్నానన్నాడు' అన్న మాట చూసి భయపడేవాళ్ళు ఉన్నారు. 'వచ్చేస్తున్నాను', 'అన్నాడు' అని రెండుగా విరిస్తే భయం పోతుంది. వచ్చేదీ అన్నదీ ఒక్కరే. మరి 'వచ్చేస్తున్నాడన్నారు' అంటే? వచ్చేది ఒకరు, అన్నది వేరొకరు. ఒక్క మాటలో ఇద్దరు మనుషులున్నారు! ఈ విరుపుల ఆట పది నిమిషాలు ఆడించండి. గడగడా చదివేవాళ్ళు కూడా ఆగి ఆలోచించడం మీరే చూస్తారు.

మూడోది, తెలిసిన భాషను నిచ్చెనలా వాడుకోవాలి. హిందీ చదవడం వచ్చినవాళ్ళకు అక్షరాల వరుస కొత్త కాదు. క, ఖ, గ, ఘ అక్కడా ఇక్కడా అదే వరుస. తేడాలు కొన్నే. హిందీలో జంట అక్షరం రాసేటప్పుడు సాధారణంగా మొదటిది సగమవుతుంది, తెలుగులో రెండోది వత్తుగా కిందికి దిగుతుంది. ఎ, ఒ అనే పొట్టి అచ్చులకు హిందీలో వేరే అక్షరాలు లేవు. కాబట్టి నెల, నేల ఒకటిగా కనిపిస్తాయి, కొన, కోన కలిసిపోతాయి. ల, ళ తేడా పట్టుకోకపోతే కల కళ అయిపోతుంది. ఈ నాలుగు చోట్లే శ్రద్ధ పెడితే సగం పని అయినట్టే.

అయితే ఒక హెచ్చరిక. ఒకేలా కనిపించే మాటలన్నీ ఒకే అర్థం ఇవ్వవు. హిందీలో 'ఉపన్యాస్' అంటే నవల, తెలుగులో ఉపన్యాసం అంటే ప్రసంగం. హిందీలో 'అవసర్' అంటే అవకాశం, తెలుగులో అవసరం అంటే కావలసి రావడం. హిందీలో 'కల్యాణ్' అంటే మేలు, తెలుగు శుభలేఖలో కల్యాణం అంటే పెళ్ళి. ఇలాంటి మాటలకు నోటుబుక్కు వెనక ఒక పేజీ కేటాయించుకోండి. నాలుగు ఊళ్ళు తిరిగినవాళ్ళ పేజీయే తరగతిలో అందరికంటే ముందు నిండుతుంది. బదిలీ మీకు చేసిన మేలు ఇది.

నాలుగోది, ప్రశ్నలు మారాలి. గైడులో ఉండే ప్రశ్నలకు జవాబు సాధారణంగా పాఠంలో ఒక వాక్యంగా దొరుకుతుంది. దాన్ని ఎత్తి రాస్తే మార్కు పడుతుంది, అర్థమయ్యే పని ఉండదు. మేము మూడు రకాల ప్రశ్నలు అడగమంటాం. అనంతామాత్యుడి 'భోజరాజీయం'లోని ఆవు, పులి కథ మీకు తెలిసే ఉంటుంది. 'ఆవు పులిని ఎందుకు గడువు అడిగింది?' దూడకు పాలిచ్చి రావడానికి. ఈ జవాబు కథలోనే ఉంది. 'ఆకలితో ఉన్న పులి ఆవును ఎందుకు నమ్మింది?' ఇది కథలో సూటిగా దొరకదు, ఆ రెండింటి మాటలు పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే తెలుస్తుంది. 'ఆవు స్థానంలో మీరుంటే తిరిగి వెళ్ళేవారా?' దీనికి జవాబు మీలో ఉంది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయిన తరగతి కథను చూసింది గానీ చదవలేదు.

ఇదే కథను కన్నడంలో 'పుణ్యకోటి' పాటగా పాడతారు. అక్కడ ఆవు మాట నిలబెట్టుకోవడం చూసి పులి ప్రాణాలే వదిలేస్తుంది. తెలుగు కథలో పులి ఆవును వదిలిపెడుతుంది. కర్ణాటక నుంచి బదిలీ మీద వచ్చిన పిల్లవాడు ఈ తేడా చెబితే తరగతి అంతా వింటుంది. తెలుగు చదవడంలో చివర ఉన్నవాడే ఆ రోజు కథ గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. 'నాకూ కొంత తెలుసు' అన్న నమ్మకంతోనే పుస్తకం తెరవాలన్న కోరిక మొదలవుతుంది. చాక్లెట్లు, స్టిక్కర్లు ఆ పని చేయలేవు.

ఐదోది, వెనకబడ్డవాళ్ళకు మర్యాద దక్కాలి. ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతిలో రెండో తరగతి పుస్తకం పెట్టి అందరి ముందు చదవమంటే సిగ్గుతో కుంగిపోతాడు. అదే పుస్తకాన్ని 'రెండో తరగతి పిల్లలకు శుక్రవారం నువ్వు చదివి వినిపించాలి' అని ఇస్తే పరువుగా తీసుకుంటాడు. ఇంట్లో నాలుగుసార్లు చదువుకుని వస్తాడు. బొమ్మ ఎక్కడ చూపించాలో, పిల్లలను ఎక్కడ నవ్వించాలో ఆలోచిస్తాడు. అర్థం కాకుండా ఎవరూ ఎవరినీ నవ్వించలేరు కదా! నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు చవకగా దొరుకుతాయి. స్టోరీవీవర్‌లో చిన్న కథలు ఉచితంగా ఉన్నాయి. వాటిలో చాలా కథలను తెలుగులోనూ హిందీలోనూ పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు.

బడిలో తెలుగు పీరియడ్ లేని ఊరికి బదిలీ అయితే ఫోను ఉంది. వారానికి రెండుసార్లు అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి పది నిమిషాలు ఒక కథ చదివి వినిపించండి. తప్పు చదివితే వాళ్ళు దిద్దుతారు, మీ వీపు వెనక నవ్వరు. మధ్యలో వాళ్ళే 'తరవాతేమైందిరా?' అని అడుగుతారు. చదివేవాడికి ఆ ప్రశ్న కంటే మంచి బహుమతి ఏముంది?

మా మాటలకు రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఒకటి, ఇలా ఆగి ఆగి చదివితే సిలబస్ పూర్తికాదని. నిజమే, పాఠానికి ఒకటి రెండు పీరియడ్లు ఎక్కువ పడతాయి. కానీ పరీక్షలో ముందెన్నడూ చూడని అపరిచిత గద్యం ఇచ్చి ప్రశ్నలడుగుతారు. దానికి బట్టీ పట్టిన జవాబు ఏదీ పనికిరాదు. సొంతంగా అర్థం చేసుకునే అలవాటు ఒక్కటే అక్కడ కాపాడుతుంది. అన్ని పాఠాలకూ ఇంత సమయం ఇవ్వలేకపోతే నెలకు ఒక్క పాఠాన్నైనా ఇలా చదివించాలని మేము కోరతాం.

రెండో అభ్యంతరం మీ ఇళ్ళలోనే వినిపిస్తుంది. 'మళ్ళీ బదిలీ అవుతుంది, ఇక తెలుగు దేనికి?' అని. తెలంగాణలో బడుల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. రేపు మీ నాన్నగారో అమ్మగారో సొంత రాష్ట్రానికి వచ్చి మిమ్మల్ని అక్కడి బడిలో చేర్పిస్తే తెలుగు పుస్తకం బల్ల మీద ఉంటుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఊరు మారినప్పుడల్లా స్నేహితులు మారతారు, చుట్టూ వినిపించే భాష మారుతుంది, కాలనీ పేరు మారుతుంది. ఇంట్లో మాట్లాడే భాష మాత్రం మీతోపాటే వస్తుంది. దాన్ని చదవలేకపోతే తాతయ్య రాసిపెట్టుకున్న డైరీ, ఊరి గుడి ముందున్న బోర్డు, పెళ్ళి శుభలేఖ అన్నీ మరొకరు చదివి పెట్టాల్సినవే అవుతాయి. పైగా చివరి మాట పట్టుకోవడం, విరవడం, ఊహించడం, ప్రశ్నించడం ఒక భాషలో నేర్చుకుంటే రేపు హిందీ పాఠంలోనూ ఇంగ్లీషు పాఠంలోనూ అదే ప్రశ్నించే అలవాటు తోడు వస్తుంది.

కాబట్టి పిల్లలూ, ఈ వారం తెలుగు పీరియడ్‌లో రెండు పనులు చేయండి. పాఠం మొదలయ్యేముందు 'సార్, ముందు మీరొకసారి చదివి వినిపించండి' అని అడగండి. మేడమ్ అయితే మేడమ్‌ను అడగండి. కాదనే ఉపాధ్యాయులు అరుదు. ఇక పక్కవాడు చదువుతూ తడబడితే నవ్వకుండా ఆగండి. అతను పేరా ముగించాక 'ఇందులో నీకు ఎవరు నచ్చారు?' అని అడగండి. ఆ జవాబు చెప్పడానికైనా అతను పేరాను మళ్ళీ ఒకసారి చూసుకుంటాడు.