ఆరోగ్యము: ఆయాసము, అరుచి, నీరసము



నాలుగు మెట్లెక్కినంతనే రొప్పు వచ్చుట, అన్నము సహింపకుండుట, ప్రొద్దున లేచినది మొదలు ఒడలు బరువగుట, ఈ మూడును గూడినచో మన యిండ్లలో దానిని సోమరితనమనియో, వేడిచేసినదనియో యెంచి యూరకుందురు. ఇది తగదు. స్త్రీలలో నీ మూటికిని తఱచుగా మూలమైనది రక్తహీనత. మన ప్రాచీన వైద్యులు పాండురోగమని వర్ణించినదానిలో నిదియు జేరును.

రక్తమునందలి హిమోగ్లోబిను అను నెఱ్ఱని పదార్థము ప్రాణవాయువును దేహమంతటికిని మోయును. అది తఱిగినపుడు ఆ కొఱత తీర్చుటకై గుండెయు నూపిరితిత్తులును అధికముగా శ్రమించును. అదియే యాయాసము. సామాన్యముగా డెసిలీటరు రక్తమున స్త్రీకి 12 గ్రాములకును, గర్భిణికి 11 గ్రాములకును తక్కువ కారాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలయందు నూటికి ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6 మందికి రక్తహీనత కలదని తేలినది.

అధిక ఋతుస్రావము, వెంటవెంట కాన్పులు, కడుపులోని కొంకిపురుగులు దీనికి కారణములు. అందఱికిని వడ్డించి, మిగిలిన చారుమెతుకులతో సరిపెట్టుకొను మన యలవాటు మఱియొక కారణము. చరకసంహితయందు మట్టి తినుటవలన గలుగు పాండురోగము వేఱుగ జెప్పబడినది. రక్తహీనతయే మట్టి, బలపము, పచ్చిబియ్యము తిను కోరికను బుట్టింపవచ్చునని నేటి వైద్యులు చెప్పుదురు. కావున అట్టి బాలికను దండింపక రక్తపరీక్ష చేయింపుడు.

తోటకూర, మునగాకు, ఉలవలు, పెసలు, నువ్వులు నిత్యము వాడుడు. తినువారికి మాంసము మేలు. భోజనముతో నిమ్మరసమో, ఉసిరికయో చేర్చినచో నినుము చక్కగా నొంటబట్టును. కాఫీ, టీలు భోజనమునకు గంట యెడముగా త్రాగుడు. అయినను ముదిరిన కొఱత ఆహారమాత్రమున తీరదు. వైద్యుని సలహాపై ఇనుపమాత్రలు వాడవలయును. మలము నల్లబడినచో భయపడనక్కఱలేదు. కడుపులో వికారమైనచో భోజనానంతరము తీసికొనుడు. రక్తము సరియైన పిదపను సుమారు మూడు మాసములు మానరాదు. పిల్లలు మ్రింగిన ప్రాణాపాయము గనుక వారి కందకుండ దాచుడు.

పరుండిన నాయాసము హెచ్చుట, కాళ్లు వాచుట గుండెజబ్బునకో, మూత్రపిండముల జబ్బునకో గుర్తు కావచ్చును. రెండు వారములు మీఱిన దగ్గు, సాయంకాలపు జ్వరము, చిక్కిపోవుట క్షయకు సూచనలు. వీనిని మాత్రలతో కప్పిపుచ్చక వైద్యునికి చూపుడు. ఛాతీనొప్పి గాని, కదలకున్నను ఆయాసము గాని కలిగినచో తత్క్షణమే ఆసుపత్రికి పోవలయును. ముట్లుడిగిన స్త్రీకి రక్తము తఱిగినచో, లోపల నెచ్చటనైన స్రవించుచున్నదేమో తప్పక వెదకింపవలయును.

ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో నీ పరీక్షయు, మాత్రలును ఉచితము. ఇంట నందఱి మందులను జ్ఞాపకముంచుకొను గృహిణి ఈ నెలలో తన రక్తమును గూడ పరీక్ష చేయించుకొనుగాక.